నాన్నగారిని గుండె మందు ట్రయల్‌లో చేర్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్ల క్రితం గుండెపోటు వచ్చి ఒక స్టెంట్ వేశారు. ఇప్పుడు ఎకోలో గుండె పంపింగ్ కొలత, ఈఎఫ్ 32 శాతం ఉంది. ఒక అంతస్తు ఎక్కితే ఆయాసం వస్తుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. రోజూ ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 40, రామిప్రిల్ 2.5, మెటోప్రొలాల్ సక్సినేట్ 25, టోర్సెమైడ్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటారు. బీపీ 118/74, క్రియాటినిన్ 1.4, పొటాషియం 4.6. గుండె వైఫల్యానికి ఒక కొత్త మాత్ర మీద ఫేజ్-3 ట్రయల్ జరుగుతోందని, ఆయన అందులో చేరవచ్చని డాక్టరుగారు చెప్పి 30 పేజీల సమ్మతి పత్రం ఇచ్చారు. అందులో ర్యాండమైజ్డ్, డబుల్ బ్లైండ్, ప్లసీబో, ఈవెంట్ డ్రివెన్ అని ఏవేవో ఉన్నాయి. నాన్న మీద ప్రయోగాలు చేస్తారని అమ్మ భయపడుతోంది. కొత్త మందు ఉచితంగా దొరుకుతుంది కదా అంటాడు తమ్ముడు. ఉత్తుత్తి మాత్ర పడితే నాన్నగారి గతేమిటి? గుండె జబ్బులకు ఇప్పుడు ఎలాంటి ట్రయల్స్ జరుగుతున్నాయి? ఇంతకంటే మంచిది ఉందేమో ఎలా వెతకాలి?

సమాధానం: ట్రయల్ సంగతికి ముందు మీ నాన్నగారి మందుల చీటీ చూడాలి. ఈఎఫ్ 40 శాతం లోపు ఉన్న గుండె వైఫల్యంలో మరణాలను, ఆసుపత్రి చేరికలను తగ్గిస్తాయని పెద్ద ట్రయల్స్‌లో తేలిన మందుల కుటుంబాలు నాలుగున్నాయి. మొదటిది రామిప్రిల్ లాంటివి, లేదా వాటి స్థానంలో సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ జంట మాత్ర. రెండోది మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్. మూడోది స్పైరోనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్. నాలుగోది డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. మీ నాన్నగారి చీటీలో మొదటి రెండే ఉన్నాయి, అవి కూడా ఆరంభపు మోతాదులో. చివరి రెండూ లేనే లేవు. టోర్సెమైడ్ నీరు తీసి ఆయాసం తగ్గిస్తుంది, కానీ అది ఈ నాలుగింటి లెక్కలోకి రాదు.

ఇలా ఉండటానికి కారణం ఉండొచ్చు. గతంలో బీపీ బాగా పడిపోయి ఉండొచ్చు, పొటాషియం పెరిగి ఉండొచ్చు. కానీ మీరు రాసిన అంకెల్లో అలాంటి అడ్డంకి కనిపించడం లేదు. రామిప్రిల్‌కు లక్ష్యపు మోతాదు రోజుకు 10 మిల్లీగ్రాములు, మెటోప్రొలాల్ సక్సినేట్‌కు 200. అందరూ అక్కడిదాకా చేరలేరు. అయినా 2.5 దగ్గర, 25 దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోతే కారణం అడగాల్సిందే. మామూలుగా రెండేసి వారాలకొకసారి బీపీ, నాడి, క్రియాటినిన్, పొటాషియం చూసుకుంటూ రెట్టింపు చేస్తారు. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ ట్రయల్‌లో, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 1,078 మందిలో కొందరికి ఇంటికెళ్లిన రెండు వారాల్లోనే పూర్తి మోతాదుకు తీసుకెళ్లి, తరచుగా పరీక్షించారు. ఆరు నెలల్లో మరణం లేదా మళ్లీ ఆసుపత్రిలో చేరడం వారిలో 15.2 శాతం, మామూలు పద్ధతిలో నడిచినవారిలో 23.3 శాతం. అక్కడ కొత్త మందేమీ లేదు. ఉన్న మందుల్నే సరిగ్గా ఇచ్చారు.

ట్రయల్ గురించి అడిగితే మందుల చీటీ గురించి చెబుతున్నారేమిటి అనుకోకండి. మీ ప్లసీబో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గుండె వైఫల్యం ట్రయల్స్‌లో ప్లసీబో అంటే వైద్యం ఆపేసి ఉత్తి మాత్ర ఇవ్వడం కాదు. ఉన్న మందులన్నీ కొనసాగుతాయి. వాటి పైన సగం మందికి కొత్త మాత్ర, సగం మందికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని మాత్ర ఇస్తారు. కాబట్టి ప్లసీబో వైపు పడితే ఆయన గతి ఏమిటన్నది కింద నడుస్తున్న వైద్యాన్ని బట్టి ఉంటుంది. అది నిండుగా ఉంటే ప్లసీబో పడినా ఆయన పోగొట్టుకునేది తక్కువ. పైగా క్రమం తప్పని రక్తపరీక్షలు, ఎకోలు, ఫోన్ చేసి అడిగే కోఆర్డినేటర్ దొరుకుతారు. అదే చీటీలో సగం మందులు లేకుండా చేరితే, రుజువైన మందులు పక్కన పెట్టి రుజువు కాని మందు కోసం లాటరీ వేసినట్టు అవుతుంది.

అందుకే డాక్టరుగారిని అడగాల్సిన మొదటి మాట: "మిగతా రెండు మందులు నాన్నగారికి ఎందుకు లేవు? ట్రయల్‌కు ముందే మొదలుపెట్టవచ్చా?" స్పైరోనోలాక్టోన్ సాధారణంగా 12.5 లేదా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మొదలుపెట్టిన వారం తర్వాత, మళ్లీ నాలుగు వారాల తర్వాత పొటాషియం, క్రియాటినిన్ చూస్తారు. పొటాషియం 5 దాటి ఉంటే మొదలుపెట్టరు. డాపాగ్లిఫ్లోజిన్ మోతాదు 10 మిల్లీగ్రాములే, పెంచే పని లేదు, షుగరు లేనివారికీ ఇస్తారు. రామిప్రిల్ నుంచి సాక్యుబిట్రిల్-వల్సార్టాన్‌కు మారిస్తే చివరి రామిప్రిల్ మాత్రకూ కొత్త మాత్రకూ మధ్య 36 గంటల ఎడం తప్పనిసరి. లేకపోతే నాలుక, గొంతు వాచి ఊపిరాడని ప్రమాదం ఉంది. ఇంట్లో పాత స్ట్రిప్పు మిగిలి ఉంటే రెండూ కలిపి వేసేసుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆ స్ట్రిప్పు తీసేయండి. చాలా ట్రయల్స్ ఇప్పటికే వాడుతున్న మందుల మోతాదు కొన్ని వారాలుగా మారకుండా ఉండాలని అడుగుతాయి. అంటే మందులు సరిదిద్దుకుని, కుదురుకున్నాక చేరడమే మేలు. ఆ కాస్త ఆలస్యానికి ట్రయల్ వాళ్లు ఏమీ అనుకోరు. ఎవరైనా "ఇప్పుడే సంతకం పెట్టండి, సీట్లు అయిపోతాయి" అంటే అదే ఒక హెచ్చరిక.

మీ అమ్మగారి భయం తీసిపారేసేది కాదు. ఫేజ్-1లో కొద్దిమంది మీద, తరచు ఆరోగ్యవంతుల మీద, మోతాదు ఎంతవరకు తట్టుకుంటారో చూస్తారు. ఫేజ్-2లో కొన్ని వందల మంది రోగుల మీద మోతాదు, ప్రభావం తేలుస్తారు. ఫేజ్-3 అంటే ఆ రెండూ దాటి, ఇప్పటి వైద్యం కంటే మేలా కాదా అని వేల మందిలో తూచడం. కాబట్టి మీ నాన్నగారు ఆ మాత్ర మింగే మొదటి మనిషి కాబోరు. అలాగని ఫేజ్-3 దాకా వచ్చిందంటే మంచి మందే అయివుంటుందనుకోవడం కూడా తప్పు. మంచిదో కాదో తెలిసిపోయి ఉంటే ట్రయల్ అవసరమే లేదు.

ఈ విషయంలో గుండె వైద్యానికి తగిలిన పెద్ద దెబ్బ కాస్ట్ ట్రయల్. గుండెపోటు తర్వాత గుండె అదనపు స్పందనలు కొట్టేవారు ఎక్కువగా చనిపోతారని తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ స్పందనలను అణిచేస్తాయనీ తెలుసు. కాబట్టి ప్రాణం కాపాడతాయని నమ్మి వైద్యులు రాస్తూ వచ్చారు. ప్లసీబోతో పోల్చి చూస్తే మందు వైపు 755 మందిలో 63 మంది, ప్లసీబో వైపు 743 మందిలో 26 మంది చనిపోయారు. ట్రయల్‌లో ఆ భాగాన్ని 1989లో మధ్యలోనే ఆపేశారు. ఈసీజీ బాగుపడింది, మనుషులు పోయారు. టార్సెట్రపిబ్ కథా అలాంటిదే. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను 72 శాతం పెంచింది, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను పాతిక శాతం తగ్గించింది. కాగితం మీద ఇంతకంటే మంచి మందు ఉండదు. 15,067 మంది మీద జరిగిన ఇల్యూమినేట్ ట్రయల్‌లో మరణాలు 58 శాతం పెరిగాయి, 2006 డిసెంబరులో ఆపేశారు. ప్లసీబో గ్రూపు లేకపోతే ఈ రెండు సంగతులూ బయటపడేవి కావు. ఉత్తి మాత్ర పడ్డవాళ్లే అక్కడ అదృష్టవంతులు.

అందువల్ల సమ్మతి పత్రంలో మొదట చూడాల్సింది ప్రైమరీ ఎండ్‌పాయింట్. అంటే దేన్ని కొలిచి గెలుపోటములు తేలుస్తారన్నది. రక్తంలో ఒక అంకె తగ్గడమా, ఎకోలో ఈఎఫ్ పెరగడమా, ఆరు నిమిషాల్లో నడిచే దూరమా, ఆసుపత్రి చేరికలా, మరణాలా? అంకెల మీద తేల్చే ట్రయల్ చిన్నది, తొందరగా ముగుస్తుంది, కానీ జవాబు సగమే ఇస్తుంది. మరణాలు, ఆసుపత్రి చేరికలు లెక్కించే ట్రయల్‌కు వేల మంది కావాలి, ఏళ్లు పడుతుంది. మీ పత్రంలో ఈవెంట్ డ్రివెన్ అని ఉందంటే రెండో రకమే అయివుంటుంది. ముందుగా అనుకున్నన్ని సంఘటనలు నమోదయ్యేదాకా అది నడుస్తుంది, కాబట్టి ముగింపు తేదీ ఖాయంగా ఉండదు. రెండేళ్లని రాసి ఉన్నా మూడేళ్లు కావచ్చు.

ఇలాంటి ట్రయల్స్‌లో ఎండ్‌పాయింట్ తరచుగా రెండు మూడు సంఘటనల కలయికగా ఉంటుంది. డాపా-హెచ్‌ఎఫ్ తీసుకోండి. ఈఎఫ్ 40 శాతం లోపు ఉన్న 4,744 మంది, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ప్లసీబో, సుమారు ఏడాదిన్నర. గుండె వైఫల్యం ముదరడం లేదా గుండె కారణంగా మరణం, రెండూ కలిపి మందు వైపు 16.3 శాతం, ప్లసీబో వైపు 21.2 శాతం. 2019లో ఇది పెద్ద వార్త, ఆ మందు ఇప్పుడు పైన చెప్పిన నాలుగు కుటుంబాల్లో చేరింది. అయినా ఆ అంకెను మీ ఇంటి భాషలో చదవండి. నూరు మందికి ఏడాదిన్నర పాటు మందు ఇస్తే సుమారు ఐదుగురికి ఆ ముప్పు తప్పింది. పదహారు మందికి మందు వేసుకున్నా జరిగింది. మిగతా డెబ్బై తొమ్మిది మందికి మందు లేకపోయినా ఆ వ్యవధిలో జరిగేది కాదు. గుండె మందుల్లో గొప్ప విజయం అంటే సాధారణంగా ఈ పాటిదే. కొత్త మాత్రతో నాన్నగారు మళ్లీ మునుపటిలా అవుతారని తమ్ముడు ఆశిస్తుంటే ఈ లెక్క చూపించండి. వేల మంది ఎందుకు కావాలో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. నూటికి ఐదు తేడాను రెండు వందల మందిలో కాకతాళీయం నుంచి వేరు చేయలేం.

ర్యాండమైజేషన్ అంటే ఎవరికి ఏ మాత్ర అన్నది కంప్యూటర్ యాదృచ్ఛికంగా తేల్చడం. డాక్టరుగారికి సిఫార్సు చెప్పి లాభం లేదు. డబుల్ బ్లైండ్ అంటే మీకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. అత్యవసరంలో మాత్రం ఏ మాత్రో తెలుసుకునే ఏర్పాటు 24 గంటలూ ఉండాలి. దాని ఫోన్ నంబరు ఉన్న కార్డు ఇస్తారు. అది నాన్నగారి జేబులో ఒకటి, మీ ఫోన్‌లో ఫోటోగా ఒకటి ఉండాలి. మాత్ర విప్పి రుచి చూడటం, బయట ల్యాబులో పరీక్ష చేయించడం కొందరు చేస్తారు. దానివల్ల ఆ ఒక్కరి లెక్కే కాదు, ట్రయల్ జవాబూ చెడుతుంది. ప్లసీబో అని తెలిసినవాడికి ఆయాసం ఎక్కువగా అనిపిస్తుంది, మందు అని తెలిసినవాడికి తక్కువగా.

ఇది ఊహ కాదు. స్టెంట్లలోనూ ఇదే చూశారు. 2017లో ఆర్బిటా ట్రయల్‌లో ఒకే రక్తనాళం మూసుకుపోయి స్థిరమైన ఛాతీనొప్పి ఉన్న 200 మందిలో సగం మందికి స్టెంట్ వేసి, సగం మందికి వేసినట్టు నటించారు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిచే సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అక్కడ అందరికీ ఛాతీనొప్పి తగ్గించే గుండె మందులు బాగా ఇచ్చారు. ఆ మందులు ఆపేసి 301 మంది మీద మళ్లీ చేసిన ఆర్బిటా-2లో, 2023లో, స్టెంట్ నొప్పిని తగ్గించిందని తేలింది. రెండూ నిజమే. దేనితో పోలుస్తున్నాం, కింద ఏ వైద్యం నడుస్తోంది అన్నదాన్నిబట్టి జవాబు మారింది. మీ చీటీ గురించి అంతసేపు చెప్పింది ఇందుకే.

ఇక ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని వద్దంటారు అన్న పేజీ. అర్హతల్లో వయసు, ఈఎఫ్, కిడ్నీ పనితీరు, బీపీ, పొటాషియంతో పాటు గుండె మీద ఒత్తిడిని చూపే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష తరచు ఉంటుంది. డాపా-హెచ్‌ఎఫ్‌లో అది కనీసం 600 ఉండాలన్నారు, గత ఏడాదిలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవారికి 400 చాలన్నారు. ముప్పు ఎక్కువ ఉన్నవారిని ఎంచుకోవడానికే ఈ గీత. కాబట్టి నాన్నగారిని స్క్రీనింగ్‌లో తిప్పి పంపితే బాధపడకండి. ఈ రక్తపరీక్ష అంకె తక్కువగా ఉండి వద్దన్నారంటే అది మంచి వార్తే. కొన్ని ట్రయల్స్‌లో అసలు విభజనకు ముందు రన్-ఇన్ అనే దశ ఉంటుంది. అందరికీ మందు ఇచ్చి తట్టుకున్నవారినే ముందుకు పంపుతారు. సాక్యుబిట్రిల్-వల్సార్టాన్‌ను నిలబెట్టిన పారడైమ్-హెచ్‌ఎఫ్‌లో పదివేలకు పైగా మంది ఆ దశలో అడుగుపెడితే 8,442 మంది మిగిలారు. ఫలితాల్లో దుష్ఫలితాలు తక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. బయట వాడినప్పుడు బీపీ పడిపోయేవారు అంతకంటే ఎక్కువే ఉంటారు.

ట్రయల్‌లో లేని మనుషులకు ట్రయల్ జవాబు అతికించినప్పుడు ఏమవుతుందో స్పైరోనోలాక్టోన్ చూపించింది. 1999లో రేల్స్ ట్రయల్ 1,663 మందిలో మరణాలను 46 శాతం నుంచి 35 శాతానికి తగ్గించింది. క్రియాటినిన్ 2.5 దాటినవారిని, పొటాషియం 5 దాటినవారిని అందులో చేర్చుకోలేదు, రక్తపరీక్షలు తరచుగా చేశారు. ఫలితం రాగానే కెనడాలోని ఒంటారియోలో ఆ మందు వాడకం నాలుగు రెట్లకు పైగా పెరిగింది. పరీక్షల జాగ్రత్త మాత్రం వెంట రాలేదు. పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు వెయ్యికి 2.4 నుంచి 11కి పెరిగారు. మందు అదే, కొలత లేదు. నాన్నగారికి ఆ మందు మొదలుపెడితే వారం రోజుల పరీక్ష ఎందుకు ఎగ్గొట్టకూడదో దీన్నిబట్టి తెలుసుకోండి.

పాల్గొనేవారిలో ఇంకో లోటు కూడా ఉంది. 2010-2017 మధ్య గుండె ట్రయల్స్‌ను లెక్కిస్తే మహిళలు సుమారు 38 శాతమే. వయసు పైబడినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా తక్కువ. మీ ఇంట్లో ఆడవారికి గుండె మందు రాసినప్పుడు, ట్రయల్‌లో ఆడవాళ్లు ఎందరున్నారని అడగడం అర్థమున్న ప్రశ్నే. అయితే ఫలితాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి చదివితే వచ్చే తమాషా గుర్తుంచుకోండి. గుండెపోటులో ఆస్పిరిన్ విలువను 1988లో 17,187 మందిలో నిరూపించిన ఐసిస్-2 పరిశోధకులే, రాశుల వారీగా విడదీస్తే మిథున, తుల రాశులవారికి ఆస్పిరిన్ పనిచేయనట్టు కనిపిస్తోందని కావాలనే ప్రకటించారు. ఉపవిభాగాల మీద అతిగా ఆధారపడవద్దన్నది వారి ఉద్దేశం.

ఇప్పుడు నడుస్తున్న ట్రయల్స్ సంగతి. అన్నిటికంటే రద్దీగా ఉన్నది కొవ్వుల రంగం. ఎల్‌డీఎల్ ఎంత తగ్గితే అంత మేలన్నది స్టాటిన్లతో మొదలై, 27,564 మంది మీద జరిగిన ఫూరియర్ ట్రయల్‌తో ఇంజెక్షన్ల దాకా వచ్చింది. ఇప్పుడు గురి రక్తంలో కొవ్వును మోసే లైపోప్రోటీన్-ఎ అనే కణం మీద ఉంది. అది పుట్టుకతో వచ్చే అంకె, ఆహారంతో తగ్గదు. పెలాకార్సెన్, ఓల్పాసిరాన్ అనే ఇంజెక్షన్ల మీద ఏడెనిమిది వేల మందితో పెద్ద ట్రయల్స్ మొదలుపెట్టారు. నాన్నగారికి ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ఎక్కువగా ఉంటే మీరూ తమ్ముడూ చేయించుకోవాలి. రెండోది బరువు. బరువు తగ్గించే ఇంజెక్షన్ సెమాగ్లుటైడ్ వారానికి 2.4 మిల్లీగ్రాములు, షుగరు లేని, అధిక బరువున్న 17,604 మంది గుండె, రక్తనాళాల రోగుల్లో 2023లో ముప్పును 8 శాతం నుంచి 6.5 శాతానికి తగ్గించింది. ఇబ్బందుల వల్ల మందు మానేసినవారు మాత్రం నూటికి పదహారు మందికి పైనే. రక్తనాళాల లోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్) తగ్గించే మందుల కథ ఇంకా తేలలేదు. వాటిలో ఒకటైన కోల్చిసిన్ 0.5 మిల్లీగ్రాములు స్థిరమైన గుండె జబ్బున్న 5,522 మందిలో మేలు చేసిందని 2020లో వస్తే, గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చి 7,062 మందిలో చూసిన ట్రయల్ 2024లో మేలు లేదంది. ఒక్క ట్రయల్ వార్త చదివి మందు మొదలుపెట్టకూడదన్న దానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి, కంపెనీలకు లాభం లేని, ఉన్న వైద్యం అవసరమా అని అడిగే ట్రయల్స్. ఇస్కీమియా ట్రయల్‌లో 5,179 మంది స్థిరమైన రోగుల్లో ముందుగానే యాంజియోగ్రామ్, స్టెంట్ లేదా బైపాస్ చేసినా, మందులతో మొదలుపెట్టినా మరణాలు, గుండెపోట్లలో తేడా తేలలేదు. కానీ ఈఎఫ్ 35 లోపు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు, కాబట్టి ఆ జవాబు మీ నాన్నగారిది కాదు. ఆయనకు దగ్గరగా వచ్చేది రివైవ్డ్. ఈఎఫ్ 35 లేదా అంతకు తక్కువ ఉన్న 700 మందిలో స్టెంట్లు అదనంగా వేసినా మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గలేదని 2022లో చెప్పింది. ఎవరైనా "ఇంకో స్టెంట్ వేస్తే పంపింగ్ పెరుగుతుంది" అంటే ఈ పేరు చెప్పి అడగండి. ఇటీవల గుండెపోటు తర్వాత బీటా బ్లాకర్ అక్కర్లేదన్న వార్త మీ దాకా వచ్చి ఉండొచ్చు. అలా చెప్పిన ట్రయల్స్‌లో ఒకటైన రెడ్యూస్-ఏఎమ్ఐలో 5,020 మందీ ఈఎఫ్ 50 లేదా ఆపైన ఉన్నవారే. నాన్నగారి మెటోప్రొలాల్ ఆపకూడదు. ఇంకొకటి: పూర్తి మందులు మూడు నెలలు వాడాక కూడా ఈఎఫ్ 35 దాటకపోతే, హఠాన్మరణాన్ని అడ్డుకునే ఐసీడీ పరికరం గురించి మాట్లాడాల్సి ఉంటుంది. ఇది ట్రయల్ కాదు, రుజువైన వైద్యం. 2005లో వచ్చిన ఎస్‌సీడీ-హెఫ్ట్ ట్రయల్ 2,521 మందిలో మరణాల ముప్పు 23 శాతం తగ్గినట్టు చూపింది.

వెతకడం ఎలాగంటే, అమెరికా ప్రభుత్వం నడిపే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ 2000 నుంచి అందరికీ తెరిచి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీటీఆర్‌పీ అనేక దేశాల రిజిస్ట్రీలను ఒకేచోట చూపిస్తుంది. సమ్మతి పత్రంలో ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో చూడండి, లేకపోతే అడగండి. ముందు ఆ నంబరు కొట్టి మీ ట్రయల్‌ను చూడండి. పత్రంలో ఉన్న ఎండ్‌పాయింట్, రిజిస్ట్రీలో ఉన్నది ఒకటేనా? మధ్యలో మార్చారా? మార్పుల చరిత్ర అక్కడే కనిపిస్తుంది. ఎంత మందిని చేర్చాలనుకున్నారు, స్పాన్సర్ ఎవరు, ఎన్ని కేంద్రాలున్నాయి చూడండి. తర్వాత గుండె వైఫల్యం, తగ్గిన ఈఎఫ్ అన్న మాటలతో, ప్రస్తుతం చేర్చుకుంటున్నవి అన్న వడపోతతో వెతకండి. ఒకసారికి ఒక ట్రయల్‌లోనే చేరడానికి వీలవుతుంది. ఒకదానిలో ఉండగా, అది ముగిశాక కొన్ని వారాలు గడిచేదాకా, మరోదానిలో సాధారణంగా చేర్చుకోరు.

రిజిస్ట్రీలో పేరుంటే సర్కారు ముద్ర పడినట్టు కాదు. వివరాలు స్పాన్సరే రాస్తాడు. ముఖ్యంగా, ట్రయల్ అని చెప్పి మీ దగ్గర డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. గుండె కండరాన్ని మళ్లీ పుట్టిస్తామనే మూలకణాల చికిత్సల్లో ఇది ఎక్కువ. ఆ రంగానికి పునాదిగా చెప్పుకున్న పరిశోధనల్లో 31 పత్రాలను వెనక్కి తీసుకోవాలని 2018లో హార్వర్డ్ వైద్య కళాశాల, బ్రిగమ్ ఆసుపత్రి కోరాయి. గుండెపోటు తర్వాత ఎముక మజ్జ కణాలు ఎక్కించే బామీ ట్రయల్ 3,000 మందితో అనుకుని 375 మందితో ఆగిపోయింది. నిజాయితీగా నడిచే కణ చికిత్స ట్రయల్స్ ఉన్నాయి, కానీ అవి బిల్లు వేయవు.

సమ్మతి పత్రంలో ఎండ్‌పాయింట్, అర్హతల పేజీల తర్వాత నష్టపరిహారం పేజీ చదవండి. ట్రయల్ మందు వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు, పరిహారం ఎవరిస్తారు, ఎంతకాలం? పరీక్షలు, ప్రయాణం ఎవరి ఖర్చు? రక్త నమూనాలు ఎక్కడికి పంపుతారు, జన్యు పరీక్షకు సమ్మతి విడిగా అడిగారా? విడిగా ఉంటే దానికి వద్దని, ట్రయల్‌కు సరేనని చెప్పొచ్చు. భద్రతను చూసే స్వతంత్ర డేటా కమిటీ ఉందా? కాస్ట్‌ను ఆపించింది అలాంటి కమిటీయే. ట్రయల్ ముగిశాక మందు బాగా పనిచేసిందని తేలితే నాన్నగారికి ఇస్తారా, ఎన్నాళ్లు? ఏ గ్రూపులో ఉన్నారో చివరికి చెబుతారా? పాల్గొనేవారి హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు పత్రంలో ఉందా చూసుకోండి. అనుమానం డాక్టరుగారి మీదే అయితే ఫోన్ చేయాల్సింది అక్కడికి.

చేరాక ఎక్కువ మంది తడబడేది మానేసే విషయంలో. మాత్ర పడకపోతే మాత్ర మానేయడం వేరు, ట్రయల్ నుంచి పూర్తిగా తప్పుకోవడం వేరు. మాత్ర ఆపినా ఫోన్‌కు జవాబిస్తూ, పరీక్షలకు వెళ్తూ ఉంటే ఆయన వివరం లెక్కలో ఉంటుంది. ఇబ్బంది పడ్డవారంతా మాయమైతే మందు ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. పూర్తిగా తప్పుకునే హక్కూ ఉంది, కారణం చెప్పనక్కర్లేదు, మామూలు వైద్యం ఆగకూడదు. మిగిలిన మాత్రలు, ఖాళీ డబ్బాలు వెనక్కి తీసుకెళ్లండి, వాటిని లెక్కిస్తారు. మరచిపోయిన మాత్రలను లెక్క సరిపోవాలని ఒకేసారి మింగడం ప్రమాదం. వేరే డాక్టరు ఏ మందు రాసినా, నొప్పి మాత్రతో సహా, ముందు కోఆర్డినేటర్‌కు చెప్పాలి. గుండె వైఫల్యంలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ట్రయల్ ఉన్నా లేకున్నా నీరు నిలిపి కిడ్నీని దెబ్బతీస్తాయి.

రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, టిఫిన్‌కు ముందు ఒకే తూకం మీద బరువు రాసిపెట్టండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు పైగా పెరిగితే, పడుకుంటే ఊపిరాడకపోతే, కళ్లు తిరిగి పడిపోతే తర్వాతి విజిట్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడి వైద్యులకు ట్రయల్ కార్డు ముందుగా చూపించాలి.

ఈ వారం డాక్టరుగారి దగ్గరకు మందుల చీటీ, చివరి మూడు రక్తపరీక్షలు, ఎకో రిపోర్టు పట్టుకుని వెళ్లండి. ముందు లేని రెండు మందుల గురించి అడగండి. ట్రయల్ పత్రం ఇంట్లోనే ఉంచి రండి, దాని మీద సంతకం తర్వాతి విజిట్‌లో పెట్టుకోవచ్చు.